పోయొస్త

నిర్మల్ నుంచి బోధన్‌కు బండి మీద వస్తున్న నాగేందర్‌కు, ముప్కాల్ దగ్గర చీకట్లో, శ్రీరాంసాగర్ నీళ్ల ఒడ్డున చేపల హోటల్ కనబడేసరికి ప్రాణం లేచొచ్చింది. బయట వరసగా బండ్లున్నాయి. లోపల మాత్రం తనొక్కడే. అలల చప్పుడు తప్ప మాటామంతీ లేదు.

హోటల్ ముసలమ్మ కొర్రమట్ట వేపుడులో ముళ్లు తనే తీసి, వేడి జొన్నరొట్టెతో పెట్టింది. అతని కళ్లు చెమర్చాయి.

"మా అమ్మ పోయినంక గిట్ల ముండ్లు తీసి ఎవ్వలు పెట్టలేదవ్వా."

"కడుపు నిండింది గద, సాలు. పోయేటప్పుడు మాత్రం 'పోయొస్త' అనకు బిడ్డా. 'పోత' అను."

"అట్లెవలన్న అంటరా అవ్వా?"

"గీడ గట్లనే అనాలె."

నవ్వుకుంటూ బయటికొచ్చాడు. పక్క బండ్ల సీట్ల మీద వేలెడు మందాన దుమ్ము. చక్రాల్లోంచి గడ్డి మొలిచి వెన్ను వేసింది. గబగబా బండి స్టార్ట్ చేశాడు.

గుమ్మంలో దీపం పట్టుకుని అతనికి దారి చూపిస్తోంది అవ్వ. ఆ తల్లిని చూడగానే గుండె నిండిపోయింది. నోరు అలవాటుగా అనేసింది.

"పోయొస్త అవ్వా!"

బండి ఆగిపోయింది. అలల చప్పుడూ ఆగిపోయింది.

"అయ్యో, అననే అంటివి గద బిడ్డా," అంటూ అవ్వ దీపంతో లోపలికి నడిచి, ఇంకో రొట్టెకు పిండి తీసింది.