నత్తల సంచి

"ఏయ్! ఎవరు నువ్వు? ఆ గోతి పక్కన ఏం ఏరుతున్నావ్?"

ఇన్‌ఛార్జి అరుపుకి తవ్వకాల దగ్గరున్న కూలీలంతా పారలు ఆపేశారు. ఐదువేల ఏళ్లుగా గోతుల్లో పడుకున్న పదకొండుమంది కూడా ఉలిక్కిపడి లేచేవాళ్లే. చెవులు లేవు కాబట్టి సరిపోయింది.

చివరి మూల, తొమ్మిదో నంబరు గోతి దగ్గర గొంతుక్కూర్చున్న పెద్దావిడ తలెత్తింది. కాళ్లకి చెప్పుల్లేవు. మోకాళ్లదాకా మట్టి. చేతిలో వెలిసిపోయిన నీలం గుడ్డ సంచి.

"నత్తలు, బాబూ."

"కూరకా?"

"కూరక్కాదు. ఈ నేలలోనే పుట్టి, ఈ నేలలోనే పోయినవి కావాలి."

"ఇవాళే తగలడాలా ఈవిడ!" అని ఇన్‌ఛార్జి మేస్త్రి మీద పళ్లు నూరాడు.

ఇవాళ మామూలు రోజు కాదు. పాతకాలపు మనుషుల పళ్లని పరీక్షించి ఎవరు ఎక్కడ పెరిగారో చెప్పే పెద్ద శాస్త్రవేత్త వస్తున్న రోజు.

మొదటి గోతిలో మోచేతిదాకా శంఖు గాజులతో, పక్కన నున్నటి రాతి గొడ్డలితో ఒకాయన దొరికాడు. ఇన్‌ఛార్జి ఆయనకి 'ఊరిపెద్ద' అని పేరు పెట్టేశాడు. ఆయన ఇక్కడే పుట్టి పెరిగాడని శాస్త్రవేత్త రాసిస్తే ఇక్కడ మ్యూజియం, దానికి ఇన్‌ఛార్జే పెద్ద ఆఫీసరు. పరాయివాడికి మ్యూజియం దేనికని ఊళ్లోవాళ్లు ముందే తేల్చేశారు. కాయితం రాకపోతే రేపు పొద్దున్నే రోడ్డు వేసే బుల్డోజర్ వచ్చి ఐదువేల ఏళ్లనీ అరగంటలో చదును చేసేస్తుంది.

అందుకే తెల్లారకముందే సున్నం చల్లించాడు. దారికి రెండువైపులా చల్లించాడు, గోతుల చుట్టూ చల్లించాడు, అడ్డం తప్పుకోవడం ఆలస్యమైన మేస్త్రి చెప్పుల మీదా చల్లించాడు. పైనుంచి చూస్తే భూమికి పౌడర్ రాసి ఫోటోకి కూర్చోబెట్టినట్టుంది.

తొమ్మిదో నంబరు మూల ఒక్కటే వదిలేశాడు. అక్కడికి గొప్పవాళ్లెందుకొస్తారు?

"ఈ మూల ఒక్కటే సున్నం పడలేదు, అందుకే ఇక్కడ ఏరుకుంటున్నా," అంది పెద్దావిడ. "ఈ గోతిలో ఎవరు?"

"పనిమనిషి. ఎక్కణ్ణుంచో వలసొచ్చింది. చస్తే ఊరి చివర పాతేశారు."

"ఎలా తెలిసింది?"

"గాజులేవి? గొడ్డలేది? ఒక్క కుండైనా ఉందా? ఏమీ లేనిది ఇంకేమౌతుంది?"

"ఆవిణ్ణి అడిగావా?"

"అడిగితే చెబుతుందా?"

"అడిగే తీరులో అడిగితే చెబుతుంది, బాబూ."

కూలీలు కిసుక్కుమన్నారు. ఇన్‌ఛార్జికి ఒళ్లు మండిపోయింది.

"నాకు చెప్పొస్తావా? ఇరవయ్యేళ్లుగా చూస్తున్నా. పైనున్న సొమ్ము చూస్తే చాలు, కిందున్నది ఎవరో చెప్పేస్తా."

"నేనెవరో కూడా చెప్పేస్తావా?"

"చెప్పడానికేముంది? కనబడుతూనే ఉందిగా!"

సంచి లాక్కుని సున్నం గంపలోకి బోర్లించాడు. రెండు గుప్పెళ్ల నత్తగుల్లలు తెల్లగా మునిగిపోయాయి.

అప్పటిదాకా నవ్వుతున్న ఆవిడ ముఖం మాడిపోయింది.

"పొద్దుట్నుంచి ఏరానయ్యా. మంచివి అవే మిగిలాయి."

"మేస్త్రీ! ఈవిణ్ణి గేటు బయట దింపిరా. మళ్లీ కనబడిందా, పన్నెండో గొయ్యి నీకు తవ్విస్తా."

మేస్త్రి తల గోక్కున్నాడు. "పదండమ్మా. మా సారుకి ఎముకలతో తప్ప మనుషులతో మాట్లాడే అలవాటు తప్పిపోయింది."

ఆవిడ నాలుగడుగులు వేసి ఆగింది. "ఆ తొమ్మిదో నంబరుకి ఒక గొడుగు పెట్టించు. ఎండకి పళ్లు పగుల్తాయి."

"ఉన్నది ఒకటే గొడుగు. అది శాస్త్రవేత్త గారి కుర్చీకి. నడు!"

ఆవిడ గేటు దాటగానే ఆ మూలలోనూ రెండు గంపల సున్నం పోయించాడు.

పన్నెండింటికి కారొచ్చింది. నల్ల కళ్లద్దాలు, మడత నలగని చొక్కా, బంగారు రంగు వాచీ దిగాయి. వాటి మధ్యలో ఒక మనిషి కూడా దిగాడు.

ఇన్‌ఛార్జి ముక్కుకి సున్నం అంటేదాకా వంగి పూలగుత్తి అందించాడు.

"అది కాదండీ, నేను..."

"మీరేం చెప్పక్కర్లేదు సార్! చూడగానే పోల్చేశాను."

ముప్పావుగంటసేపు ఊరిపెద్ద చరిత్ర చెప్పాడు. ఆయన పుట్టుక, పెంపకం, కోపతాపాలు, ఇష్టమైన రంగు. ఊరిపెద్ద దేన్నీ కాదనలేదు.

"కూర్చోండి సార్, నిలబడిపోయారు," అని చేతికందిన గుడ్డతో కుర్చీ దులపడం మొదలెట్టాడు.

వచ్చినాయన చుట్టూ చూశాడు. "ఇంత సున్నమేంటండీ?"

"మీ కోసమే సార్!"

"అయ్యయ్యో. ఇది పడకముందే నత్తలు ఏరేశారు కదా?"

ఇన్‌ఛార్జి సున్నం గంప వైపు చూశాడు. "నత్తలా?"

"చిన్నప్పుడు తాగిన నీళ్ల గుర్తు పంటిలో ఉండిపోతుందటండీ. అది ఈ నేల నీళ్లో కాదో తేలాలంటే, ఇక్కడే బతికిన నత్తగుల్లని పక్కన పెట్టి చూడాలట. ఎక్కడిదో సున్నం తగిలితే ఇక దేనికీ పనికిరాదట. నాకు తెలిసింది అంతేనండీ. పదేళ్లుగా కారులో వింటున్నా."

"కారులో వినడమేంటి సార్?"

"నేను డ్రైవర్నండీ."

ఇన్‌ఛార్జి చెయ్యి మాత్రం కుర్చీ దులుపుతూనే ఉంది.

"మరి... శాస్త్రవేత్త గారు?"

డ్రైవర్ కళ్లద్దాలు తీసి, అతని చేతిలోని నీలం గుడ్డ వైపు చూశాడు.

"నత్తలేరాలని పొద్దున మొదటి బస్సుకే వచ్చారే, మీరు దులుపుతున్నది ఆవిడ సంచితోనేనండీ."