ఊఁ కొట్టే డాక్టరు

"స్నానానికని వెళ్లి గంటైంది. లోపల కాపురం పెట్టావా ఏంటే?" బాత్రూం తలుపు దబదబా బాదాడు నాన్న.

"తలంటుకుంటున్నా నాన్నా!" అని అరిచి కుళాయి తిప్పింది రేడియో. తిప్పి, బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఫోను చెవికి అదుముకుంది.

రేడియో అన్నది కాలేజీలో స్నేహితులు పెట్టిన పేరు. నోటికి మూత ఉండేది కాదు మరి. మహమ్మారి వచ్చి కాలేజీ మూతపడ్డాక ఆ రేడియో మూగబోయింది. నాలుగు నెలలుగా అదే గది, అదే ఫోను, అందులోనే పాఠాలు. ఊరికే ఏడుపొస్తోంది. చదువు మానేద్దామన్నంత దూరం వచ్చింది. ఇంట్లో చెబితే "తిని కూర్చునేదానికి దిగులేంటి?" అంటారని భయం. అందుకే దిగులుపడే విద్యార్థులు డాక్టరుతో మాట్లాడేందుకు కాలేజీ వాళ్లు పెట్టిన సహాయ నంబరుకి ఫోన్ చేసింది. ఇరవై నిమిషాలు సంగీతం వినిపించి, చివరికి ఠక్కుమని లైను కలిసింది.

"హలో అండీ, నేను..." ఎవరో అబ్బాయి గొంతు. మెత్తగా ఉంది.

"పేర్లు వద్దండీ! ముందు నన్ను చెప్పనివ్వండి. ఆగానంటే మళ్లీ ధైర్యం చాలదు."

"ఊఁ."

ఇంకేముంది, గట్టు తెగింది.

"నిద్ర పట్టదండీ."

"నాకూ పట్టదండీ."

పాపం, రోజుకి ఎంతమంది గోడు వింటున్నాడో అని జాలిపడింది రేడియో.

"క్లాసులో కెమెరా ఆపేసి ఏడుస్తుంటాను. ఇది పిచ్చా అండీ?"

"అయితే నాదీ పిచ్చే అనుకోవాలి."

ఎంత తేలిగ్గా తీసిపారేశాడు! నాలుగు నెలల్లో మొదటిసారి ఫక్కున నవ్వింది.

"ఇంట్లో చెప్పమంటారా?"

"చెబితే వింటారంటారా?"

ప్రశ్నకి ప్రశ్నే జవాబు. బాగా చదువుకున్న డాక్టరే అనుకుంది. "నాన్న వింటాడేమో. అరుస్తాడు గానీ మనసు వెన్నండీ."

"అయితే చెప్పేయండి. వినే మనిషి ఉన్నప్పుడు దాచుకోవడం దేనికి?"

"ట్యాంకు ఖాళీ అవుతోందే తల్లీ!" బయట నాన్న గొంతు మళ్లీ లేచింది.

రేడియో కుళాయి కట్టేసి తలుపు తీసింది. "నాన్నా, నాకేం బాలేదు. నీతో మాట్లాడాలి."

నాన్న ఆమె పొడి జుట్టు చూశాడు. ఉబ్బిన కళ్లు చూశాడు. తిట్టడానికి తెరిచిన నోరు మూసుకుని, తన పక్కకి ఇంకో కుర్చీ లాగాడు. "రామ్మా, కూర్చో."

రేడియో ఫోను మళ్లీ చెవి దగ్గర పెట్టుకుంది. "మీ మేలు మర్చిపోలేను డాక్టరుగారూ! ఇంతసేపు విసుక్కోకుండా విన్నారు. ఉంటానండీ."

"అయ్యయ్యో, పెట్టేయకండి! నేనూ అరగంట ఆ సంగీతం విన్నాకే మీరు దొరికారు!" అవతలి గొంతు కంగారుపడింది.

"మరి నా బాధ ఎప్పుడు వింటారు, డాక్టరుగారూ?"