గేరుబాక్సుకు పూజ

"గేరుబాక్సు మార్పించండయ్యా. చెయ్యి తీస్తే గేరు జారిపోతోంది. ఏళ్ల తరబడి పట్టుకునే నడుపుతున్నా. ఎడం భుజం పైకి లేవట్లేదు," అన్నాడు డ్రైవరు యలమందయ్య.

ఆయుధపూజ రోజు. చీరాల-గుంటూరు బస్సు యజమాని శ్రీమన్నారాయణ గేరు రాడ్డుకు బంతిపూల దండ చుడుతున్నాడు.

"రెండు లక్షల మైళ్లు తిరిగిన గేరుబాక్సురా ఇది. ఒక్కసారన్నా విప్పామా? బండికి లేని రోగం నీకెందుకొచ్చింది?"

ఇనుముకు దండలేసే ఈ దేశంలో ఎముక గోడు వినేదెవరు?

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. యలమందయ్య గేరు వేసి, అలవాటుగా రాడ్డు పట్టుకునే కూర్చున్నాడు.

"వేశావుగా, ఇక చెయ్యి తియ్యి. పూజ చేసిన రాడ్డు, మైలపడుద్ది."

తీశాడు. గేరు జారింది. ఇంజను రొద పెట్టింది గాని బస్సు అంగుళం కదల్లేదు. నిమ్మకాయలు చెక్కు చెదరలేదు.

యజమానికి విషయం అర్థమైంది. రాడ్డు మీది దండ విప్పి యలమందయ్య మణికట్టుకు చుట్టాడు. ఆ ఎడం చేతికే బొట్టు పెట్టి, కళ్లకద్దుకున్నాడు.

"ఇకనుంచి ఏటా దీనికే పూజరా. ఇంత గట్టిది ఉండగా కొత్త గేరుబాక్సు దేనికి? పోనియ్యి."

నిమ్మకాయలు చితికాయి.