లాబీలో డాల్ఫిన్

"ఎవడండీ ఈ పని చేసిన మహానుభావుడు?"

హోటల్ లాబీలోకి అడుగు పెడుతూనే ఆర్కిటెక్ట్ అడిగిన మొదటి ప్రశ్న అది. ఏ పాత భవనంలోకి వెళ్లినా ఆయన మొదలుపెట్టేది అక్కణ్నుంచే. ముందు చేసినవాణ్ని ఉతికి ఆరేస్తే తప్ప తన విలువ ఎదుటివాళ్లకు తెలియదని ఆయన సిద్ధాంతం. ఇన్నేళ్లూ ఆ సిద్ధాంతమే అన్నం పెట్టింది.

ఈమధ్య సరిగ్గా పెట్టడం లేదు. ఒకప్పుడు ఊపిరి సలపనంత పని. ఆఫీసు నిండా కుర్రాళ్లు. ఎవరు ఏ హోటల్ గీస్తున్నారో ఆయనకే గుర్తుండేది కాదు. ఇప్పుడు చేతిలో మిగిలింది ఒక పళ్ల డాక్టరుగారి వెయిటింగ్ రూమ్. "బావా, ఇది కూడా చేజారిందంటే ఆఫీసుకు తాళమే" అని బావమరిది పొద్దున్నే దీవించి పంపాడు.

"మా హోటల్ ఇంతకుముందు చూశారా సార్?" అడిగింది యజమానురాలు. హోటల్ ఈమధ్యే ఆమె చేతికొచ్చింది. ముసలి వాసన వదిలించి, కొత్తతరం వెతుక్కుంటూ వచ్చేలా చేయాలని ఆమె పట్టుదల.

"ఇటు రావడం ఇదే మొదలమ్మా. అదృష్టవంతుణ్ని."

మూల సోఫాలోంచి కిసుక్కున నవ్వు వినిపించింది. ఆమె తండ్రి. పాత బంగళాను హోటల్‌గా మార్పించిన పెద్దాయన. ఆ నవ్వుతో ఆర్కిటెక్ట్‌కు ఎక్కడలేని హుషారొచ్చింది.

"అదేమిటి, డాల్ఫినా?"

"ఫౌంటెన్ సార్. నోట్లోంచి నీళ్లొచ్చేవి. ఇప్పుడు రావట్లేదు."

"సిగ్గుపడి మానేసి ఉంటుంది. స్తంభాలకు ఈ అద్దాలేమిటండీ? ఎటు తిరిగినా నా పొట్టే కనిపిస్తోంది. మనిషి ఇక్కడికి గది కోసం వచ్చాడా, బరువు తగ్గడానికొచ్చాడా?"

పెద్దాయన మళ్లీ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

ఫాల్స్ సీలింగ్‌లో ఒకచోట పలక ఊడింది. ఆర్కిటెక్ట్ స్టూలెక్కి, ఫోన్ లైటు వేసి లోపలికి తొంగి చూశాడు.

"అమ్మా! పైన చక్కటి కమాను కప్పు ఉంది. దాన్ని మూసేసి ఈ అట్టలు బిగించాడు. పట్టుచీర మీద గోనెపట్టా కప్పినట్టు!"

గదులు చూద్దామని ఇద్దరూ పైకి వెళ్లారు. మొదటి గదిలోనే బాత్రూమ్ తలుపు తీస్తే అది గది తలుపుకు ఠక్కున తగిలింది.

"భలే. లోపలున్నవాడు బయటికి రావాలంటే బయటివాడి అనుమతి కావాలి."

కర్టెన్ లాగాడు. వెనకాల కిటికీ లేదు. గోడంతా నది బొమ్మ. రంగు వెలిసిన పడవలు, నారింజ సూర్యుడు. వేలితో తట్టాడు. డొల్లగా మోగింది.

"దీని వెనకాల ఏముందమ్మా?"

"కిటికీయే సార్. పలక కొట్టి మూసేశారు."

"కిటికీ అవతల?"

"నది."

ఆర్కిటెక్ట్ మంచం మీద కూలబడ్డాడు. ఈసారి నటన కాదు.

కిందికి వచ్చేసరికి ఆమె మనసు కుదిరిపోయింది. "నాన్నా, సార్ చూసినట్టు ఇంతవరకూ ఎవరూ చూడలేదు. ఆ నది బొమ్మ సంగతీ ఇట్టే పట్టేశారు. మధ్యాహ్నం వస్తామన్న ఆ రెండో కంపెనీవాళ్లను వద్దని చెప్పేస్తాను" అంటూ ఫోన్ తీసింది.

"ఆగు తల్లీ. బాబుగారిని ఒక్క సందేహం అడగనీ" అన్నాడు పెద్దాయన. "నదిని మూసేసి నది బొమ్మ అంటించాడే, మనిషన్నవాడు అలా ఎందుకు చేస్తాడంటారు?"

ఆర్కిటెక్ట్ సోఫా అంచున కూర్చున్నాడు. పని చేతికందినట్టే ఉంది. ఇంకొక్క దెబ్బ చాలు.

"మీకు కష్టంగా ఉన్నా చెప్పక తప్పదు బాబాయిగారూ. వాడసలు ఈ భవనాన్ని కళ్లతో చూడలేదు. ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని గీతలు గీసి మీ మొహాన పారేశాడు. చూస్తేగా ఇక్కడ నది ఉందని తెలిసేది! అలాంటివాడికి జన్మలో ఇంకో పని ఇవ్వకూడదు."

"అక్షరాలా నిజం బాబూ," అన్నాడు పెద్దాయన, కూతురి చేతిలోంచి ఫోన్ తీసుకుంటూ, "అప్పట్లో నేను ఎన్నిసార్లు కబురుపెట్టినా మీ ఆఫీసు నుంచి డ్రాయింగులు పంపించారే గానీ, మీరు ఒక్కసారైనా ఇటు రాలేదు."