గోడ దిద్దిన లేతుబాయి

ఇళ్లల్లో గోడలే పిల్లలకు బొమ్మల కథలు చూపించే కాలం అది. ఉట్నూరులో పిల్లల కథల కంపెనీ పెట్టిన మడావి సోంబాయి, ఎందరు కాదన్నా పట్టు విడవక, తన తొలి కథను గోడల మీదికి తేగలిగింది. అందులో లేతుబాయి నల్లటి పిల్ల. కుంటుతూ నడుస్తుంది, గోండీ కలిసిన తెలుగు మాట్లాడుతుంది.

కథ మొదలవగానే సోంబాయి కూతురు జంగుబాయి కుంటుకుంటూ గోడ దగ్గరికి వెళ్లింది. "అమ్మా, లేతుబాయి ఏది? ఈ తెల్లపిల్ల ఎవరు?"

గోడ మీద పిల్ల చక్కగా పరుగెత్తుతూ పట్నం తెలుగు మాట్లాడుతోంది. సోంబాయికి ఒళ్లు మండిపోయింది. గోడలు నడిపే సంస్థ అధికారికి ఫోన్ చేసింది.

"అందరికీ నచ్చేలా గోడ దానంతటదే బొమ్మను దిద్దుతుందమ్మా. కథ కింద మీ పేరు అలాగే ఉంచాం కదా," అన్నాడతను.

"నా పేరెందుకు? నా పిల్లను ఆగం జేసిన్రు. కథ తీసెయ్!"

గోడల మీద లేని కంపెనీ బతకదని అందరూ అన్నారు. ఆమె వారం వారం సంతలో తెల్లదుప్పటి కట్టి, పాత ప్రొజెక్టర్‌తో అదే కథ వేసింది. జనం నవ్విపోయారు. ఆమె మానలేదు. వానాకాలం దాటేసరికి దుప్పటి ముందు పిల్లలకు చోటు చాలలేదు.

అప్పుడొచ్చాడు ఆ అధికారి. కథ నడుస్తుండగానే దుప్పటికి అడ్డంగా నిలబడి, "మళ్లీ గోడల మీద వేద్దాం. రంగు ఉంచుతాం, కుంటడం మాత్రం తీసేద్దాం," అన్నాడు.

సోంబాయి కూతురిని చెయ్యి పట్టి ముందుకు తెచ్చింది. "దీన్ని గూడ తీసేస్తవా? చెప్పు!"

అతను నోరు తెరిచేలోపే పిల్లల అరుపులు లేచాయి. "ఓ సారూ, పక్కకు జరుగు! లేతుబాయి కనబడ్తలేదు!"