మిగతా హాఫ్

రంగు వేయడానికి వచ్చిన మనిషి నేల మీద వెల్లకిలా పడుకుని ఉంది.

చూసిన కోడలికి ఒళ్ళు మండింది. సాయంత్రానికి అత్తగారిని ఆసుపత్రి నుంచి తీసుకొస్తున్నారు. గదిలో ఒక్క గోడకైనా కొత్త రంగు పడలేదు.

"పనికొచ్చావా, కునుకు తీయడానికొచ్చావా?"

"మంచం తల ఎటు పెడతారు?" అంది పెయింటరమ్మ, పడుకున్న చోటు నుంచే.

యాభై దాటిన మనిషి. పెయింటర్ని పంపమంటే రంగుల షాపాయన ఈవిణ్ణి పంపాడు. పొద్దున రాగానే "పెయింటర్ ఏడీ?" అని కోడలు గుమ్మం బయటికి చూస్తే, "వెనకెవరూ లేరు, నేనే" అంటూ లోపలికి నడిచొచ్చేసింది.

"కిటికీ వైపు. అయితే?"

పెయింటరమ్మ కిటికీ వైపు జరిగి, మళ్ళీ పడుకుని, సీలింగుకేసి చూసింది. తర్వాత నేలకు చెయ్యి ఆనించి తీరిగ్గా లేచింది.

అప్పుడు చూసింది కోడలు, మూత తీసి ఉన్న డబ్బాలోకి. తను తెచ్చింది మల్లెపువ్వులాంటి తెలుపు. లోపలున్నది మీగడలా ఉంది. తలెత్తింది. ఒక్క మూల తప్ప సీలింగంతా అదే రంగు.

"ఏం కలిపావు ఇందులో?"

"పసుపు ట్యూబు కాస్త, మట్టి రంగు ఇంకాస్త. హాఫ్ వైట్ అయింది."

"నేను తెచ్చింది ఫుల్ వైటు! మిగతా హాఫ్ ఏం చేశావు?"

"కళ్ళలో గుచ్చుకునే హాఫ్. తీసేశాను."

"ఆసుపత్రిలా తెల్లగా, శుభ్రంగా ఉండాలని చెప్పానా లేదా?"

"చెప్పావు. అందుకే కలిపాను. ఆసుపత్రిలో ఉన్నది చాలదా మీ అత్తగారికి?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.

మెట్ల మీద జారి నడుం విరిగిన నాటి నుంచి అత్తగారు కళ్ళు తెరవడం మానేసింది. చూపు బాగానే ఉంది, తెరవదు. ముద్ద పెడితే నోరు తెరుస్తుంది, అంతే. మాటకు పది మాటలు అప్పజెప్పే మనిషి! పదిహేనేళ్ళు ఆ నోటికి జడిసిన కోడలు ఇప్పుడు ఒక్క తిట్టు కోసం మొహం వాచి ఉంది. నడుం అతుక్కుంటుంది, లేవాలని ఆమెకే అనిపించాలి అన్నాడు డాక్టరు.

"నా ఇంట్లో నా మాట చెల్లదా?" అంది కోడలు.

"ఇల్లు నీదే అమ్మాయ్. సీలింగు మాత్రం ఆరేదాకా నాది."

"తెల్లటిది వేస్తే వెయ్యి. లేదంటే బయటికి నడు."

"తెల్లటిది నా చేత్తో వేయను. నడవమంటావా, నడవడం నాకిష్టమే."

రోలరు కర్ర భుజాన వేసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

ఇంకొకరిని వెతికే వ్యవధి లేదు. సాయంత్రం అత్తగారిని స్ట్రెచరు మీద తెచ్చి, పాత గోడల మధ్యే మంచం మీదికి చేర్చారు. కోడలు కిటికీ రెక్కలు బార్లా తీసింది. ఏటవాలు ఎండ లోపలికొచ్చి సీలింగు మీద మెత్తగా పరుచుకుంది.

అత్తగారు ఒక కన్ను తెరిచింది.

తర్వాత రెండోది.

చాలాసేపు అలాగే పైకి చూసింది.

"ఏమే."

కోడలు కిటికీ వదిలి ఒక్క అంగలో మంచం దగ్గరికొచ్చింది.

"ఆ మూల అలా వదిలేశారేం? పొద్దస్తమానం చూడాల్సింది నువ్వా, నేనా? నువ్వు దగ్గరుండి చేయించిన పని ఏది తిన్నగా ఏడ్చింది గనక! పిలు ఆ పెయింటర్ని."

"పిలుస్తా అత్తయ్యా," అంది కోడలు. నవ్వబోతే ఏడుపొచ్చింది.

"ముక్కు తుడుచుకో. అదే రంగు వేయమను. మరోటి వేశారో, లేచొస్తా!"

కోడలు పరుగులాంటి నడకతో రంగుల షాపు చేరింది.

"ఆవిడ రాదమ్మా," అన్నాడు షాపాయన. "పొమ్మన్న గడప మళ్ళీ తొక్కదు."

"నేల మీద పడుకుందని నోరు పారేసుకున్నాను. వాళ్ళింటికెళ్ళి తప్పయిందని చెప్తా. నాకు ఆ పెయింటరే కావాలి."

"పెయింటర్లకేం, రేపు ఇద్దర్ని పంపిస్తా. మంచాన పడ్డ మనిషి గది అన్నారని ఆవిడకి కబురు పెట్టాను. అలాంటి గదులకి తప్ప వెళ్ళదు."

"ఎందుకని?"

షాపాయన చేతిలో డబ్బా పక్కన పెట్టాడు.

"ఆవిడ పెయింటర్ కాదమ్మా, నాలుగేళ్ళు మంచంలో పడుండి, తెల్లటి సీలింగు చూసి చూసి, లేచి నిలబడ్డ రోజున ముందుగా దాని రంగు మార్చిన మనిషి."