పడవలో పడుకున్నాయన

"ష్! లేపబాకండి" అంది చెంచమ్మ పడవ ఎక్కుతూనే.

పడవ నడుమ ఒక పెద్దాయన ట్రంకుపెట్టె మీద తల పెట్టుకుని నిద్రపోతున్నాడు. తెల్లజుబ్బా, నెరిసిన గడ్డం. గుండెల మీద నల్లట్ట బైబిలు.

"మా దీవికొస్తుండే కొత్త పాస్టరుగారు" అని పడవవాడు ఓబయ్య చెవిలో చెప్పింది. "ఈయాల వస్తారని మిషన్నుంచి కబురొచ్చిందిలే."

గొడుగు పట్టుకుని మూల కూర్చున్న బక్క కుర్రాడు ఏదో చెప్పబోయాడు.

"నోరు మూసుకో అబ్బయా! ఆయన నిద్ర చెడిపోద్ది."

కుర్రాడు గొడుగు ఒళ్లోకి లాక్కున్నాడు.

ఓబయ్య గంగమ్మకు దణ్ణం పెట్టి తెరచాప ఎత్తాడు. పులికాట్ సరస్సు సగం దాటేసరికి తూర్పున మబ్బు నల్లబడింది. చెంచమ్మ మొహమూ నల్లబడింది. పోయినేడు వానల్లో ఆమె మొగుడు ఈ నీళ్లలోనే పోయాడు. అప్పట్నుంచి పడవంటేనే వణుకు. కూతురి పురిటికని సూళ్లూరుపేట పోకపోతే ఇవాళ కూడా ఎక్కేది కాదు.

గాలి ఒక్కసారిగా విరుచుకుపడింది. తెరచాప చిరిగింది. పడవ ఒరిగి నీళ్లు లోపలికొచ్చాయి. ఓబయ్య గెడ వేశాడు. నేల అందలేదు.

"అయిపోయినాం!"

పడవవాడే ఆ మాటంటే ఇంకేముంది? కుర్రాడు గొడుగు వదిలేసి చెంచమ్మ చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాడు.

"అమ్మా, దేవుడు మనల్ని చూస్తున్నాడంటావా?"

చెంచమ్మ పెద్దాయన వైపు చూసింది. ఆయన జుబ్బా తడిసి ముద్దయింది. గురక మాత్రం ఆగలేదు.

ఆమెకు ఎక్కడలేని నవ్వు వచ్చింది.

"చూడకేం చేస్తాడు! ప్రభువు గూడా గాలివానలో ఇట్టనే పండుకున్నాడంట, తెలీదా నీకు? అదిగో, ఆ పాస్టరుగారు చూడు, ఎంత ధీమాగా ఉండాడో. ఇంక మనకేంది? ఏడుపాపి ఈ గిన్నె పట్టు!"

ఆమె చెంబుతో, కుర్రాడు గిన్నెతో నీళ్లు తోడారు. ఆమె పాట ఎత్తుకుంది. కుర్రాడు సన్నగా మొదలెట్టి గొంతు చించుకున్నాడు. రాగం ఒకరిది తూర్పు, ఒకరిది పడమర. పాట తెలియని ఓబయ్య "అల్లెలూయా" ఒక్కటే పట్టుకుని, మధ్యమధ్యన గంగమ్మనూ కలిపాడు.

"ఏందయ్యా అది!" అంది చెంచమ్మ.

"ఎవరో ఒకరు ఇంటారులే అక్కా, నువ్వు తోడు!"

గాలి ఎప్పుడు ఆగిందో ఎవరూ చూడలేదు. పడవ దీవి ఒడ్డున బురదలో దిగబడ్డాక గానీ పాట ఆగలేదు. ముగ్గురూ తడిసిన కోళ్లలా ఒకరినొకరు చూసుకున్నారు. కుర్రాడు కిసుక్కుమన్నాడు. అంతే, ముగ్గురికీ పొట్టలు పట్టుకునేంత నవ్వు. ఓబయ్య బురదలో గంతులేసి జారిపడ్డాడు. చెంచమ్మ మొగుడు పోయాక అంత నవ్వు నవ్వడం అదే మొదలు.

ఆ గోలకు పెద్దాయన లేచి కూర్చున్నాడు. చెంచమ్మ చేతులు జోడించింది.

"అయ్యగారూ, అంత గాలివానలో మీకు నిద్ర ఎట్ట పట్టింది సామీ?"

పెద్దాయన ఆవులించి, ట్రంకుపెట్టె నెత్తికెత్తుకుని, బైబిలు ఆ బక్క కుర్రాడి చేతికిచ్చి, "మా పాస్టరుగారు పక్కనే ఉంటే నాకు భయమేంటికి తల్లీ?" అన్నాడు.